గేటుకు రంగు వేయగా మిగిలిన గరుకు కాగితం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో నేను పద్దెనిమిదేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. కింద గాజుల దుకాణం, కిటికీ ఎదురుగా మెట్రో లైను. రైలు వచ్చినప్పుడల్లా వాక్యం మధ్యలో ఆగి, అది వెళ్లిపోయాక మిగతా సగం చెప్పడం నాకు అలవాటైపోయింది. ఇంట్లో కూడా అలాగే మధ్యలో ఆగి ఉరిమి చూస్తానని మా ఆయన అంటారు. ఆయన అనేవన్నీ నిజం కావు.

ఇన్నేళ్లలో చాలాకాలం ఏటా తప్పకుండా చెప్పిన పాఠం ఒకటుంది. ద్రవంలో తేలే సన్నటి రేణువుల మీద విద్యుదావేశం ఉంటుంది. అందులో రెండు లోహపు రేకులు ముంచి కరెంటు పెడితే, ఆ రేణువులు తమ ఆవేశానికి వ్యతిరేకంగా ఉన్న రేకు వైపు నడుస్తాయి. దాని పేరు ఎలక్ట్రోఫోరెసిస్. ఒక మార్కు ఖాయం, అండర్‌లైన్ చేసుకోండి అనేదాన్ని. ఒకసారి ముందు బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, అవి నడవడం మీరు చూశారా?" అని అడిగింది. పరీక్షలో రానివి అడగొద్దని కూర్చోబెట్టాను. కూర్చోబెట్టానే గాని ఆ ప్రశ్న మాత్రం నాతోపాటు షేర్ ఆటో ఎక్కి ఎల్.బి.నగర్ దాకా వచ్చింది. నేను చూడలేదు. చూడనిదాన్ని అంత గట్టిగా అండర్‌లైన్ చేయించినందుకు సిగ్గేసింది.

ఆ సిగ్గుతోనే, నలభై దాటాక, హైవే మీద ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాను. నేను చేరిన కొన్నేళ్లకు ఆ చాప్టర్నే పోటీ పరీక్ష సిలబస్‌లోంచి తీసేశారు. అప్పటికి నాకు వెనక్కి తిరిగే దారి లేదు.

నా పని చెప్పడానికి తేలిక. అల్యూమినా అనే తెల్లటి పింగాణీ పొడిని, కొంచెం గాజు పొడితో కలిపి, స్పిరిట్ లాంటి ద్రవంలో వేసి పాలలా తేలేట్టు చేస్తాం. అందులో రెండు స్టీలు రేకులు ఎదురెదురుగా ముంచుతాం. ఒకదానికి పవర్ సప్లై తాలూకు ప్లస్, ఇంకోదానికి మైనస్. నా పొడి మైనస్ వైపు నడుస్తుంది. నిమిషం తిరిగేసరికి ఆ రేకు మీద తెల్లటి పూత తయారవుతుంది. దాన్ని ఆరబెట్టి కొలిమిలో కాలిస్తే స్టీలుకు పింగాణీ తొడుగు వచ్చినట్టు. మొదటిసారి ఆ పూత కళ్లముందు పేరుకుంటుంటే నేను చప్పట్లు కొట్టాను. పక్క టేబుల్ ఎం.టెక్ పిల్లలు తలలు తిప్పి చూశారు. ఆ సాయంత్రం మా ఆయనకు గంటసేపు వివరించాను. "అంటే సున్నం వేయడమే కదా, బ్రష్ లేకుండా" అన్నారు.

చిక్కంతా ఆరబెట్టే దగ్గర వచ్చింది. సాయంత్రం నున్నగా ఉన్న పూత పొద్దున్నకల్లా పెచ్చులు పెచ్చులుగా లేచిపోయేది. పొడి మార్చాను, ద్రవం మార్చాను, కరెంటు తగ్గించాను. రేకుదే తప్పేమోనని రోజుకు గంట కూర్చుని రుద్ది, అందులో నా పాపిడి సరిచూసుకునేంత అద్దంలా చేశాను. గైడ్ గారు శుభ్రంగా ఉంటే చాలన్నారు. అద్దం దాకా తీసుకెళ్లింది నా చాదస్తమే. ఎంత అద్దంలా చేస్తే అంత బాగా ఊడేది. అలా ఆరేళ్లు గడిచాయి. ఇచ్చిన గడువులన్నీ అయిపోయాయి. దసరా వెళ్లిన సోమవారం కమిటీ కూర్చుంటుంది, ఊడని పూత చూపిస్తే థీసిస్ రాసుకోనిస్తారు, లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. గైడ్ గారు ఈ మాట చాలా మెత్తగా చెప్పారు, అందుకని ఇంకా భయమేసింది.

ఇప్పుడు మా ఓనర్ గారి గురించి చెప్పాలి.

ఆయన మా ల్యాబ్ అటెండరు. మా ఇంటి ఓనరు కూడా ఆయనే. సరూర్‌నగర్ పాతూరి రైతు కుటుంబం, మేముండే కాలనీలో సగం ఒకప్పుడు వాళ్ల జొన్నచేను. రెండు బిల్డింగులున్నాయి. అయినా, "ఇంట్ల కూసుంటె ఏం తోచది మేడమ్" అని రోజూ స్కూటర్ మీద కాలేజీకి వచ్చి బీకర్లు కడుగుతారు. మా కాలేజీలో అందరికంటే ఆస్తిపరుడు ఆయనేనని ప్రిన్సిపాల్‌తో సహా అందరికీ తెలుసు. ల్యాబ్‌లో నేను కూర్చుంటే ఆయన నిలబడతారు. నెల మొదట్లో కిరాయి ఇవ్వడానికి పైకి వెళ్తే ఆయన కూర్చుంటారు, నేను నిలబడతాను. రెండుచోట్లా నేను "ఓనర్ గారూ" అనే పిలుస్తాను. ల్యాబ్‌లో అలా పిలిచినప్పుడల్లా ఎం.టెక్ పిల్లలు నవ్వుకుంటారు.

ఆయుధ పూజ అంటే ఆయనకు ప్రాణం. ల్యాబ్‌లో ఉన్న ప్రతి యంత్రానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూలు చుట్టి, గుమ్మడికాయ కొడతారు. అంతకుముందు ఏడాది సన్నటి తూకాల త్రాసుకు బొట్టు పెడితే కుంకుమ పళ్లెంలో పడి నెలరోజులు దాని లెక్క తప్పింది. అందుకని ఈసారి నా టేబుల్ జోలికి రావద్దని ముందే చెప్పాను. దసరా ముందురోజు క్లాసులు ముగించుకుని నాలుగింటికి వెళ్లి చూస్తే, నా పవర్ సప్లైకి నిండుగా పసుపు. వైర్లు తగిలించే చోట ఉండే రెండు ప్లాస్టిక్ టోపీలకు, ఎర్రదానికీ నల్లదానికీ, చెరో బొట్టు.

"చెప్పానా లేదా?"

"అన్నిటికి పెట్టి మీ దానికొక్కదానికి పెట్టకుంటె మనసొప్పలే మేడమ్."

"ఒక్క రవ్వ పసుపు నా సీసాలో పడితే ఆరేళ్లు బూడిదలో పోసినట్టే. ఒక్క చుక్క కనిపించకూడదు. తుడవండి."

"తుడుస్త" అన్నారు. చిన్నబోయిన ఆ ముఖం చూసి కూడా నేను తగ్గలేదు.

పండగ మర్నాడు, శుక్రవారం, చివరి ప్రయత్నం మొదలుపెట్టాను. పవర్ సప్లై తళతళలాడుతోంది. పసుపు ఆనవాలు లేదు. ఎర్ర వైరు ఎర్ర టోపీకి, నల్ల వైరు నల్ల టోపీకి. నల్ల వైరు చివర నా అద్దం రేకు. ఎర్ర వైరు చివర, ఎప్పటిలాగే, పాత రేకు ఒకటి. సర్క్యూట్ పూర్తవడానికి రెండోవైపు ఏదో ఒకటి ఉండాలి గనుక ఉండేది, నేను దాని ముఖం కూడా చూసేదాన్ని కాదు. స్విచ్చి వేశాను. నిమిషం లెక్కపెట్టి ఎత్తాను. నా అద్దం రేకు అద్దంలాగే ఉంది. దాని మీద నా ముఖం తప్ప ఇంకేమీ లేదు.

"పసుపు పడింది! నాకు తెలుసు!" అని అరిచాను. అప్పుడు కనిపించింది, తెల్లటి పూతంతా ఆ పాత రేకు మీద ఉంది.

అన్నేళ్లు అండర్‌లైన్ చేయించిన పాఠం కదా, అర్థం కావడానికి క్షణం పట్టలేదు. నా పొడి ఎప్పుడూ మైనస్ వైపే నడుస్తుంది. అంటే ఎర్ర టోపీ ఉన్నదే మైనస్. యంత్రం మీద అచ్చువేసిన గుర్తులు ఎన్నో చేతులు తగిలి ఎప్పుడో చెరిగిపోయాయి. టోపీల రంగే మాకు ఆధారం.

"ఓనర్ గారూ, ఈ టోపీలు విప్పారా?"

"విప్పి సర్ఫు నీళ్లల్ల కడిగిన మేడమ్. చుక్క ఉండొద్దన్నరు గద."

"మళ్లీ ఏది ఎక్కడ పెట్టారు?"

ఆయన రెండు వేళ్లు చెరోవైపు చూపించారు. "ఒకటి ఇటు, ఒకటి అటు."

నాకు కోపం వస్తే నోరు నా మాట వినదు. "మీరు చేసింది మిషన్‌కు పూజా, నా పీహెచ్‌డీకి కర్మా?" అనేశాను. ఎం.టెక్ పిల్లలందరూ విన్నారు. ఆయన తాళాల గుత్తి టేబుల్ మీద పెట్టి, "సరె మేడమ్" అని వెళ్లిపోయారు. నేను టోపీలు సరిచేసి, మళ్లీ మొదటినుంచీ చేసి, నా అద్దం రేకు మీద పూత తెప్పించి, గాజు మూత కింద జాగ్రత్తగా పెట్టాను. పాత రేకును విసురుగా ఓ మూలకు, ఫ్యాన్ కిందకు నెట్టాను.

మా ఇంట్లో రోజూ సాయంత్రం ఆరింటికి పైనుంచి ఒక కేక వస్తుంది: "మేడమ్, మోటర్ ఏస్తున్న, బకీట్లు పెట్టుకోండ్రి!" ఆ రోజు మోటరు నడిచింది, కేక రాలేదు. నీళ్లు వచ్చి వెళ్లిపోయాక తెలిసింది. "ఓనరు నోరు మెదపకుండా మోటరు వేశాడంటే ఇల్లు ఖాళీ చేయమన్నట్టే, సామాన్లు సర్దమంటావా?" అన్నారు మా ఆయన. నాకు నవ్వు రాలేదు. పైకి నాలుగడుగులు వేస్తే సరిపోయేది, వేయలేదు. నాకు తప్పు ఒప్పుకోవడం చేతకాదు.

శనివారం ఆయన రాలేదు, సెలవన్నారు. నా అద్దం రేకు దగ్గరికి వెళ్లి మూత ఎత్తాను. ఎప్పటిలాగే పెచ్చులు లేచి, తాకితే రాలిపోయింది. ఏడుద్దామనుకున్నాను గానీ ముందు టేబుల్ తుడుద్దామని మూలనున్న పాత రేకు తీశాను. దాని పూత ఉన్నది ఉన్నట్టుంది. రాత్రంతా ఫ్యాన్ కింద, మూత లేకుండా ఆరింది, అలా గబగబా ఆరితే ఇంకా ముందే పగలాలి. టేబుల్‌కేసి కొట్టాను, రాలలేదు. గోరుతో గీకాను, గోరుకు పొడి అంటింది గాని పెచ్చు లేవలేదు. కొలిమిలో పెట్టి కాల్చి చల్లారాక చూస్తే గట్టిగా కరుచుకుని కూర్చుంది. ఆరేళ్లలో నేను చూసిన మొదటి ఊడని పూత, నేను ముఖం కూడా చూడని రేకు మీద!

ఇంకో పాత రేకు తీసి భూతద్దం కింద పెట్టాను. దాని నిండా సన్నటి గీతలు, అడ్డంగా, నిలువుగా. ప్రయోగం అయ్యాక ఆ పాత రేకులు తోమి పెట్టేది ఓనర్ గారు. ఇంట్లో గిన్నె మాడితే ఎలా గరగరా తోముతారో అలాగే తోమేవారు. ఆ గీతల్లో నా పొడికి కాలు నిలిచింది. నా అద్దంలో నిలబడే చోటే లేదు. గంటలకొద్దీ కూర్చుని నా పూతకు నేనే జారుడుబల్ల తయారుచేశానన్నమాట.

దేనితో తోముతారా అని సొరుగులన్నీ వెతికాను. దొరకలేదు. సోమవారం కమిటీ. ఇక ఇంటికొచ్చి పైకి వెళ్లక తప్పలేదు.

ఆయన కుర్చీలో కూర్చుని, బాటసింగారం మార్కెట్ నుంచి తెచ్చిన సీతాఫలాలు ఏవి పండాయో ఒత్తి చూస్తున్నారు. వాళ్లావిడ పక్కన పీట మీద కూర్చుంది. ఎప్పటిలాగే నేను నిలబడ్డాను.

"రేకులు తోమే కాగితం ఎక్కడుందండీ?"

"ఎందుకు మేడమ్, గది గుడ తప్పయిందా?"

జరిగింది చెప్పాను. ఆయన పండు పక్కన పెట్టారు.

"అంటె, నేను తోమిన రేకుకు పట్టింది. మీరు తోమిన రేకుకు పట్టలే."

"అవునండీ."

"జర మళ్లొకసారి చెప్పుండ్రి. మా ఇంటామె సరిగ వినలే."

ఆవిడ మొదటిసారే బాగా విన్నది, పైట అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అయినా మళ్లీ చెప్పాను, ఈసారి ఇంకొంచెం గట్టిగా. అప్పుడు లేచి, చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. "పోయినేడు గేటుకు రంగులేసినప్పుడు మిగిలింది మేడమ్. తుప్పు గీకెతందుకు తెచ్చిన. పారెయ్య బుద్ది కాలే, కాలేజ్‌కు పట్టుకొచ్చిన. అంతకు ముందుది గుడ గిట్లాంటిదె." ఆ కాగితం కోసం చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు. "మీ చేతికిస్తె మళ్ల అద్దం చేస్తరు. రేపు పొద్దుగాల నేనే ఒస్త" అన్నారు. ఆవిడ నా చేతిలో రెండు సీతాఫలాలు పెట్టింది. ఆ పండ్లు పట్టుకుని మెట్లు దిగుతుంటే, క్షమించండి అన్న మాట ఇంకా అనలేదని గుర్తొచ్చింది. వెనక్కి తిరగలేదు.

ఆదివారం ఇద్దరం ఆయన చేసిన పాపం కాక, రేకును అద్దం చేసిన నా పాపం కడగడానికి పనిచేశాం. ఆయన తొమ్మిది రేకులు తోమారు. నన్ను ముట్టుకోనివ్వలేదు. నేను పూతలు వేశాను, ఆరబెట్టాను, కాల్చాను. టోపీలు మాత్రం నాలుగుసార్లు సరిచూశాను. తొమ్మిదింటికి తొమ్మిదీ నిలిచాయి.

సోమవారం కమిటీ ముందు రేకులు పరిచాను. ఒకాయన పెన్నుతో కొట్టి చూశారు, ఇంకొకాయన కిందకు జారవిడిచి మరీ చూశారు. ఊడలేదు. అందరి ముఖాలూ వికసించాయి. అప్పుడు ఒక మేడమ్ అడిగారు: "ఇన్నేళ్లు నునుపు చేసి, ఇప్పుడు గరుకు చేయాలని ఎలా తట్టింది?"

జవాబు నా నోటి దగ్గరే ఉంది. కోపంలో ఒక మనిషిని నలుగురిలో అనరాని మాట అన్నాను, ఆయన తోమిన పారేసే రేకు మీద పూత నిలిచింది, అని. అంత పెద్దవాళ్ల ముందు అది చెప్పడానికి నామోషీగా అనిపించింది. "లిటరేచర్ సర్వేలో దొరికింది మేడమ్" అన్నాను. అంటే ఎవరెవరో రాసిన పరిశోధనా పత్రాలు చదివి తెలుసుకున్నానని. అంటూనే తలెత్తితే, గుమ్మంలో ఓనర్ గారు చాయ్ పళ్లెంతో నిలబడి ఉన్నారు. ఆయన లోపలికి వచ్చి అందరికీ ఒక్కో కప్పు పెట్టి, నాకూ ఒకటి పెట్టి వెళ్లిపోయారు. థీసిస్ రాసుకోమని కమిటీ సంతకాలు చేసింది. చాయ్ నేను తాగలేకపోయాను.

సాయంత్రం ఆరింటికి కేక వచ్చింది. "మేడమ్, మోటర్ ఏస్తున్న!" బకెట్లు పెట్టడానికి బయటికి వచ్చాను. ఆయన మెట్ల మీద నిలబడి ఉన్నారు.

"మేడమ్, ఒకటి అడుగుత. లిట్రేచర్ సర్వే అంటె ఏంది?"

బకెట్ నిండి పొర్లుతోంది. "అబద్ధం చెప్పానండీ. మీ సంగతి చెప్పాల్సింది. మొన్న అన్న మాటకు కూడా క్షమించండి" అన్నాను. ఒక్క ఊపిరిలో రెండూ అనేశాను, లేకపోతే రెండోది మళ్లీ ఆగిపోయేది.

"ఎరుకనే మేడమ్, అందుకె అడిగిన." ఆయన నవ్వారు, కానీ ఎప్పటి నవ్వు కాదు. "గా ముచ్చట ఆడ చెప్పాలె. గీడ బకీట్ల కాడ చెప్తె ఏం ఫాయిదా?"

థీసిస్ రాయడానికి ఏడాది పట్టింది. చివరి ఇంటర్వ్యూకు ఉత్తరాది నుంచి ఒక పెద్దాయన పరీక్షకుడిగా వచ్చారు, తెలుగు రాదు. గది నిండా జనం. నాకు కావలసిన ప్రశ్న ఆయన అరగంట దాకా అడగలేదు. అడుగుతారో లేదోనని నేను పడ్డ తిప్పలు అంతా ఇంతా కాదు. చివరికి అడిగారు, గరుకు చేయాలన్న ఆలోచన ఎవరిదని. మొత్తం చెప్పాను. కుంకుమ, సర్ఫు నీళ్లు, టోపీలు, నేను అన్న మాట, కమిటీకి చెప్పిన అబద్ధం, ఏదీ వదల్లేదు. కమిటీ మేడమ్ కూడా అక్కడే ఉన్నారు. నేను అబద్ధమన్న చోట కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. గుమ్మం దగ్గర, ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఓనర్ గారు చాయ్ పళ్లెం పట్టుకుని నిలబడ్డారు.

ఆ పెద్దాయన, "ఆ కాగితం నంబరెంత?" అని అడిగారు. ఎంత గరుకో చెప్పే ఆ నంబరు నాకు తెలుసు, థీసిస్‌లో రాశాను కూడా. అయినా నోరు మూసుకుని గుమ్మం వైపు చూశాను. నేను నోరు మూసుకోవడం చూసి గైడ్ గారు కంగారుపడ్డారు. ఓనర్ గారు పళ్లెం కిటికీ గట్టు మీద పెట్టి, జేబులోంచి ఆ నాలుగు మడతల కాగితం తీసి, వెనక్కి తిప్పి చూపించారు.

"ఏక్ సౌ బీస్ నంబర్, సాబ్. గేట్ కా పేంట్ కర్‌కే బచ్ గయా థా."

పెద్దాయన కాగితం తీసుకుని వేలితో రుద్ది చూసి, పెన్ను తీసి తన పుస్తకంలో నూట ఇరవై అని రాసుకున్నారు. అరగంట నేను చెప్పినదాంట్లో ఆయన ఒక్క ముక్క రాసుకోలేదు. ఓనర్ గారు ఆ రాసుకోవడం పూర్తయ్యేదాకా నిలబడి చూసి, అప్పుడు చాయ్ పంచారు. మొదటి కప్పు నాకు ఇచ్చారు.